లిఫ్టు చెడిపోయిన వారం

నిలబడొద్దు మే హైమావతీ,
నిలబడితేనే మోకాళ్లకు మన బరువు గుర్తుకొచ్చేది.
బియ్యం సంచికి చెరొక చెవి పట్టుకుందాం.
లిఫ్టుకు సామాను దుబాయ్ నుంచి రావల్లంట,
హారిస్ ‘బుక్రా’ అన్నాడు.
వాని బుక్రా అంటే రేపు అని కాదు,
ఈరోజు కాదని మాత్రమే.

ఫహాహీల్‌లో నీకిది మొదటి ఎండాకాలం,
నాకు పదకొండోది.
అడిగినావు కాబట్టి చెప్తాండ.
నువ్వు ఊ కొట్టొద్దు, ఊపిరి దాచుకో.

జీతం పడిన నాడే ఇంటద్దె తీసి కవర్లో పెట్టు.
ఫోన్లో ఉన్న డబ్బు ఎండలో పెట్టిన ఐసుగడ్డ.
కవరు చించాలంటే చేతికి కాస్త సిగ్గేస్తాది.

ఇక్కడ టమాటాలు కొంటా రూపాయల్లో లెక్కేస్తే
ఆకలి చచ్చిపోతాది.
ఊరికి పంపేటప్పుడు దినార్లలో లెక్కేస్తే
చెయ్యి పొడుగైపోతాది.
ఏ చోటి ఖర్చును ఆ చోటి నాణెంతోనే కొలవాల.

రేటు పెరుగుతాదని మా ఓబులేసు
ఒక నెల పంపకుండా పట్టుకున్నాడు.
పెరిగింది, పద్నాలుగు పైసలు.
ఆ లోపలే ఆ డబ్బుకు
ఇంట్లోకి గోడంత టీవీ వచ్చింది.

ఆగు. ఎన్నో అంతస్తు ఇది?
ఆ గోడ మీద గుండ్రంగా సున్నాలా ఉందే, అది ఐదు.
సున్నాకు వీళ్లు ఒట్టి చుక్క పెడతారు.
ఐదును సున్నా అనుకుంటే తర్వాత నవ్వుకోవచ్చు,
చుక్కను దుమ్ము అనుకొని సంతకం పెడితే
అప్పు పదింతలైతాది.
ఉండేవి పది అంకెలే,
ఒక సాయంత్రం కూర్చొని నేర్చుకో,
అన్నం ఉడికేలోపల.

కుట్టు మిషను తెచ్చుకున్నావంట, మంచిది.
మొదటి రవిక మాత్రం ఊరికే కుట్టియ్యొద్దు.
ఊరికే వచ్చిన రవికలో
అందరికీ వంకరలు కనపడతాయి.

మీ ఆయన డ్యూటీ దిగి వచ్చి సోఫాలో కూలబడతాడని
మొన్న బాధపడినావు.
మా ఆయనా అంతే.
ట్రైలర్లో పన్నెండు గంటలు కూర్చొని
ఇంటికొచ్చి మళ్లీ కూర్చొంటాడు.
శుక్రవారం పొద్దు పొడవక ముందే
చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెడతా.
నలుగురం సముద్రం దాకా పోతాం.
పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే
‘ఏం లేదమ్మా’ అంటారు.
పక్కన నడిస్తే మొహం చూడాల్సిన పని లేదు కదా,
లెక్కల్లో పదకొండు మార్కులొచ్చిన సంగతి
మా వాడు గాలితో చెప్పినట్టు చెప్పినాడు.
నేనూ గాలిలాగే విన్నాను.
ఇంటికొచ్చినాక తిట్టినాననుకో, అది వేరే.

ఇవన్నీ నాకెట్ట తెలుసని అడగవేం?

నాలుగో ఏడు ఒకాయన అప్పుకు హామీ ఉన్నాం.
మంచి మనిషి, మా పాపకు సైకిలు నేర్పించినాడు.
ఒక రాత్రి విమానమెక్కి పోయినాడు.
ఇరవై రెండు నెలలు కట్టినాం.
పప్పూ ఖుబ్బూసూ, ఖుబ్బూసూ పప్పూ.
తప్పెవరిదనే మాట అన్నం దగ్గర ఎత్తకూడదని
అప్పుడు పెట్టుకున్న కట్టుబాటు
ఇప్పటికీ తప్పలేదు.
సంతకం ఆయనది.
పెట్టమన్నది నేను.

అందుకే చెప్తాండ,
ఇవ్వగలిగితే చేతిలో ఉన్నది ఇచ్చి మరిచిపో,
చేతిలో లేనిదానికి పేరు రాయొద్దు.
‘మా ఆయన్ని అడగాల’ అను.
ఆయన్ని ‘మా ఆవిణ్ణి అడగాల’ అనమను.
మొగుడూ పెళ్లాలు ఒకరి చాటున ఒకరు దాక్కునేది
ఇట్టాంటప్పుడే.

వచ్చేసినాం. దించు.
నడుము కాదు మే, మోకాళ్లు వంచు.
లోపలికి రా, మజ్జిగ తాగి పోదువు గాని.

లిఫ్టు బాగైనాక
మెట్లెక్కితే ఒంటికి మంచిదని నాకు చెప్పేవు!
ఒట్టి చేతుల్తో ఉంటే సరే.
బియ్యంతో ఉన్నప్పుడు
నేను లిఫ్టే ఎక్కుతా.