అరవై మూడో రోజు

కాగితం చాలా మర్యాదగా మాట్లాడుతుంది, లోపాముద్రా.
‘జీవసంబంధ తల్లి’ అంటుంది, ‘అప్పగింత పత్రం’ అంటుంది.
అప్పగింతలంటే మాకు
పెళ్లిపందిట్లో పాలపళ్లెంలో ముంచిన చేతులు.
ఇక్కడ ముంచింది
స్టాంపు ప్యాడ్‌లో బొటనవేలు.

బరంపురం నుంచి పొద్దుటి పాసింజరుకి దిగావు.
పంతొమ్మిదేళ్ల రుజువు, రెండు ఫొటోలు, ఒక అర్జీ.
ఒడియా యాసలో “నా ఫైలు చూడొచ్చా సార్” అన్నావు
పక్కింటి గొడుగు అడిగినట్టు.

చూడొచ్చు. రూలుంది.
బరువు కేజీ తొమ్మిదొందలు, చూడు.
ఎడమ చెవి వెనక మచ్చ, తడుముకో.
నాలుగో పేజీలో ఒకటిన్నర లైను మీద మాత్రం
నిన్న రాత్రి నేనే నల్ల స్కెచ్ పెన్ను తిప్పాను
లైటుకి అడ్డం పెట్టినా కనబడకుండా, రెండుసార్లు.
అదీ రూలే.
ఆమెకీ ఒక ఇల్లుంటుంది,
తలుపు కొడితే ఎవరు తీస్తారో మనకి తెలీని ఇల్లు.

మనసు మార్చుకోడానికి గడువు అరవై రోజులు.
ఆ ఏడు జూట్ మిల్లు గేటుకి తాళం.
ఆపైన చంపావతి పొంగి
అవతలి ఊళ్లకి మూడ్రోజులు బస్సు లేదు.
అరవై మూడో రోజు మధ్యాహ్నం
గోనెసంచి మడిచి తలమీద వేసుకుని
ఒకామె ఈ కంటోన్మెంట్ ఆఫీసు మెట్ల మీద నిలబడి
“నా గుంటని ఇచ్చీండి బాబూ” అంది.

అప్పటికి నువ్వు వేరే జాబితాలోకి వెళ్లిపోయావు,
‘చట్టరీత్యా స్వేచ్ఛ పొందిన శిశువు’.
ఉగ్గు తాగే స్వేచ్ఛ.
ఆయా సన్యాసమ్మ గొడవపడింది,
“ఏరడ్డొస్తే మనిసేటి సేస్తాది? మూడ్రోజులకేటౌద్ది?”
నేను కేలెండరు చూపించాను.
కొత్త ఉద్యోగం. తేదీలంటే భయం.

వచ్చినవాళ్ల రిజిస్టరులో వేలిముద్ర వేసింది.
‘వచ్చిన పని’ గడిలో ఏం రాయాలో తోచక
‘విచారణ’ అని రాశాను.
చివర ‘ణ’ కొట్టేసి సున్న పెడితే
సరిపోయేది.

ఆ రిజిస్టరు నీ ఫైలులో భాగం కాదు.
చూపించమనీ లేదు, దాచమనీ లేదు.
ఎన్ని చట్టాలు మారాయో, ఎన్ని సర్క్యులర్లు వచ్చాయో,
బీరువా అడుగున దాన్ని చెదలు సగం తిని
ఎందుకో ఆ పేజీ దగ్గర ఆగాయి.
పేరు చెప్పకూడదన్నారు గానీ
వేలిముద్రకి పేరుండదు కదా.
ఇదిగో.

ఏడుస్తావనుకున్నాను. మంచినీళ్ల గ్లాసు దగ్గర పెట్టాను.
నువ్వు మాత్రం చాలాసేపు చూసి
“ఆ సాయంత్రం బస్సులు తిరిగాయా సార్?
ఎలా వెళ్లింది వెనక్కి?” అన్నావు.

తెలీదమ్మా.
ఆమె మెట్లు దిగుతున్నప్పుడు
నేను తేదీ ముద్ర చక్రం తిప్పి
ఆ రోజుకి సరిచేసుకుంటున్నాను.