టిక్కీకి ఎంత?

ఈ ఏడు మా కాలేజీకి కొత్త పేపరొచ్చింది,
బీకాం మూడో సెమిస్టరు, ప్రపంచ వాణిజ్యం.
పుస్తకాలు రాలేదు. పటం వచ్చింది,
విప్పిన కొద్దీ చుట్టుకుపోయే పటం.
డస్టరూ, హాజరు పట్టీ, ఎవరిదో క్యారేజీ
మూలల మీద బరువు పెట్టి
గుంటూరు చూపించబోతే
చుక్క లేదు.

సరే, మిరపతో మొదలెట్టాను.
ఇది మనది కాదర్రా, ఓడెక్కి వచ్చిందన్నాను.
వెనక బెంచీ ఒప్పుకోలేదు.
"మనది కాకపోతే మన ముక్కులెందుకు మండుతున్నాయి సార్?"
ఏటుకూరు రోడ్డు వైపు కిటికీలోంచి
యార్డు ఘాటు. రెండు తుమ్ములు.

తేజా చైనాకి, సన్నం ఇంకెక్కడికో
సుద్దముక్కతో బాణాలు గీసుకుంటూ పోతున్నాను.
మస్తాన్‌బీ లేచింది.
వాళ్ళ నాన్న ముఠాలో టిక్కీలు మోస్తాడు.

"అక్కడ రేవులో దించేవాళ్ళకి
టిక్కీకి ఎంతిస్తారు సార్?
రాత్రిళ్ళు వాళ్ళకీ చేతులు మండుతాయా?
మజ్జిగలో ముంచుకుంటారా,
ఇంకేమన్నా రాసుకుంటారా?"

సిలబస్ అటూ ఇటూ తిప్పాను.
టన్నులున్నాయి, సుంకాలున్నాయి,
అయిదో యూనిట్ దాకా
ఎక్కడా చేతుల్లేవు.

ఆ పిల్ల అడిగింది అడిగినట్టే
బోర్డు మీద రాశాను.
బెల్లు కొట్టారు.
డస్టరు ఇంకా పటం మీదే ఉంది,
పసిఫిక్ మూలన.