కంబళి

తొలివాన పడి పన్నెండు దినాలు.
పోరుమామిళ్ల చెరువుకట్ట కింద
పీరమ్మ మునగచెట్టు
మిట్టమధ్యాహ్నం కంబళి కప్పుకుంది.

దగ్గరికి పోతే
కంబళి కదిలింది.

పగలంతా మానును కరుచుకుని నిద్ర,
పొద్దుగూకితే కొమ్మలెక్కి మేత.
రాత్రి చెట్టు కింద సన్నగా జల్లు చప్పుడు.
వాననుకుని చెయ్యి చాపినాను.
అరచేతిలో
ఆవగింజంత నల్ల పెంటికలు.

వారానికి మూడు సంతకట్టల ఆకిచ్చే చెట్టు,
తిని పారేసిన చేపముల్లు మాదిరి నిలబడింది.
ఒళ్లంతా దద్దుర్లతో పీరమ్మ మనవడు
గోడకు వీపు రుద్దుకుంటున్నాడు.

శుక్రవారం ట్రాక్టరు మీద మందు డ్రమ్ము వచ్చింది.
"అర్ధగంట పని" అన్నాడు గొట్టం పట్టిన పిల్లోడు.
బెస్త చౌడప్ప ఏమీ అనలేదు.
తలగుడ్డ విప్పి గాలికి పట్టినాడు.
గుడ్డ కొస చెరువు దిక్కు ఎగిరింది.
"చూస్తివా, నీ మందు యాడికి పోతాదో?
మొన్ననే చేపపిల్లల్ని ఇడిస్తిమి.
అవింకా నా గోరంత లేవు."

డ్రమ్ము మూత తియ్యకుండానే ట్రాక్టరు తిరిగిపోయింది.
డీజిలు డబ్బులెవరివని
తగాదా ఇంకా నడుస్తానే ఉంది.

ఇంక మిగిలింది మా చేతులు.
పాత గోతాలు చించి
మానుకు నడుమెత్తున చుట్టినాం.
ఎండ ముదిరినాక మడత విప్పితే
సంతరోజు బస్సులో మాదిరి
ఒకదాని మీదొకటి.
చీపురుతో సబ్బునీళ్ల బక్కెట్లోకి.

పైకొమ్మలకు వెదురుగడ కొసన మంట.
"ఎంటికలు కాలాల, బెరడు కాలగూడదు.
దోసె తిప్పినట్టు తిప్పు చెయ్యి,"
కింద నుంచి పీరమ్మ.
ఆ కమురు వాసనకు
రెండు రాత్రులు నాకు ముద్ద దిగలేదు.

చేపల సంఘం లెక్కలు రాసేది నేనే.
అదే పుస్తకం చివరి పేజీలో రాసినాను:
చెట్లు ఇరవైయారు, బక్కెట్లు నలభైయొకటి,
చచ్చిన చెట్లు రెండు.

పదోరోజు జెముడుకాకి దిగింది.
కనబడితే మేలంటారు,
అది మాత్రం పని మీద వచ్చినట్టుంది.
పురుగును బండకేసి రుద్ది రుద్ది
బొచ్చు రాల్చి మింగింది.
అందరం బక్కెట్లు దించి చూస్తా ఉండిపోయినాం.

ఇప్పుడు చిగురేసింది.
తొలికట్ట చౌడప్ప ఇంటికి పోయింది.
గోతాలు విప్పబోతే పీరమ్మ వద్దంది,
మట్టిలో గూళ్లు ఇంకా ఉంటాయట.
దద్దుర్లు తగ్గినా మనవడు
గోడ కనబడితే వీపు ఆనిస్తాడు.

నిన్న రాత్రి చెట్టు కింద మళ్లీ చప్పుడు.
చెయ్యి చాపినాను.

తడి.