అనామతు ఖాతా

అంకణా కుదరలేదు.
ఇరవై ఏడు రూపాయల తేడా.

ట్రూప్ బజార్‌లో ఒక్కో షట్టరూ దిగుతోంది.
మా ఆడిటర్ ఆఫీసు మూడో అంతస్తు.
లిఫ్టుకి ఏటా తరుగుదల రాస్తాం,
అది నడవగా చూసినవాళ్ళు లేరు.

బేగంబజార్ పప్పుల షావుకారు
కంప్యూటర్‌ని నమ్మడు. ఎర్రగుడ్డ అట్ట పుస్తకాలే.

"తొమ్మిదితోని పోతదా చూడు బేటా,"
చాయ్ సాసర్లోకి వంపుకుంటూ ఖలీల్ సాబ్.
"పోతే, ఒక అంకె కుర్చీల ఇంకొకటి కూసున్నట్టే."

పోయింది.

జనగామలో ఇంటర్ దాకా నావి
జమ, ఖర్చు, చిట్టా, ఆవర్జా.
నారాయణగూడ కాలేజీలో మొదటిరోజు
లెడ్జర్ అంటే బెదిరి
పక్కపిల్ల నోట్సులోకి తొంగిచూశాను:
మా ఆవర్జాయే, ప్యాంటేసుకుని.

సీఏ ఇంటర్ మొదటి గ్రూపు కూడా పోయింది, ఆరు మార్కులతో.
ఆ ఆరింటినీ ఏ పద్దులో వేయాలో తెలియక
పన్నెండు రోజులుగా అనామతులోనే ఉంచాను.

దొరికింది. హమాలీ కూలి.
చిట్టాలో అరవై మూడు, ఆవర్జాలో ముప్పై ఆరు.
నా రాతే.
తేదీ చూశాను: ఫోన్లో రిజల్టు తెరిచిన మధ్యాహ్నం.

ఖలీల్ సాబ్ కూడా తేదీ చూశాడు. ఏమీ అనలేదు.
వైట్‌నర్ కోసం వెళ్ళిన నా చేతిని మాత్రం ఆపాడు.
"ఒక్క గీత గియ్యి. పైన సరైంది రాయి. పొట్టి సంతకం పెట్టు.
కింద తప్పు కనవడాలె."

మెట్ల మీదే అమ్మకి ఫోన్ చేశాను.
"తిన్నవా బిడ్డా?"
"ఆరు మార్కులమ్మా," అన్నాను.