రిపేరు జాయింటు

ఫహాహీల్లో బంగారం కొట్ల వీధి, మూడో అంతస్తు.
డాక్టర్ జెస్న తెర మీద నా దవడపన్నును
తాటికాయంత చేసి చూపించింది.

ఫోటో చదవడం నాకు కొత్త కాదు.
పదకొండేళ్లుగా మీనా అబ్దుల్లాలో గొట్టాలు అతుకుతున్నాను.
నా చేతిపనికీ ఎక్స్‌రే తీస్తారు.
తెల్లగా ఉండాల్సిన చోట నల్లగీత పడితే
పసుపు సుద్దతో గొట్టం మీద రాస్తారు: ఆర్-ఒన్.
అంటే కొయ్యి, తవ్వు, మళ్లీ అతుకు.

ఆమె వేలు పెట్టిన చోట
మూడు తెల్లదారాలు పంటివేళ్లలోకి దిగాయి.
ఒకటి కొసదాకా పోకుండా మధ్యలోనే ఆగింది.
దాని కింద మినపగింజంత నల్లమబ్బు.
"నాలుగో కాలువ కూడా ఉండాలి. దాన్నెవరూ తెరవనే లేదు"
అంది, మలయాళం కలిసిన హిందీలో.

మేమూ దాన్ని రూటనే అంటాం.
రెండు గొట్టాల నడుమ మొదటి పోత.
పైన క్యాపు ఎంత అందంగా తీర్చినా
రూటు అందకపోతే
అది అతుకు కాదు, అలంకారం.

రెండేళ్ల కిందట, రెండు షట్‌డౌన్ల మధ్య,
సన్నపాటి కుర్ర డాక్టరొకడు
నలభై నిమిషాల్లో ముగించి పింగాణీ టోపీ పెట్టాడు.
వాణ్ణి తిట్టుకుంటూ ఎడమవైపే నమిలాను.
పలాస నుంచి వచ్చిన జీడిపప్పూ ఎడమవైపే.
రాత్రి రెండింటికి లవంగం,
మూడింటికి గోలీ,
నాలుగింటికి బస్సు.

ఇన్సూరెన్సువాడు ఒక పంటికి ఒక్కసారే అన్నాడు.
"ఎనభై దినార్లేటి బావా! పీకించీ, పదితో పోద్ది.
ఇంకా ముప్పయ్యొకటి ఉన్నాయి కదేటి"
అని డిల్లేశు నవ్వాడు.
లోకనాథం మాత్రం ఏమీ అనకుండా
దిండు గలీబులోంచి ముప్పై తీసి మంచం మీద పెట్టి
అన్నం వార్చడానికి వెళ్లిపోయాడు.

నీలం రబ్బరు గుడ్డ కప్పి పన్నొక్కదాన్నే బయట ఉంచింది.
టోపీ కోసింది.
గులాబీరంగు పాతబంకను
పురుగు పురుగుగా బయటికి లాగింది.
నా నోట్లో రెండేళ్లు దాక్కున్న వాసన
నాకే ముందు తెలిసింది, సిగ్గేసింది.
చేతిలో చిన్న అద్దం.
పంటిని కాదు, పంటి నీడను చూస్తూ
వేళ్లు కదుపుతోంది.

అప్పుడు గుర్తొచ్చింది.

నేనూ ఒకసారి అద్దంలో చూస్తూ అతికాను.
పైపుల వరసల్లో మూడోది, స్తంభం వెనక.
ఆగస్టు నెల. చేతితొడుగులో చెమట గుడగుడలాడుతోంది.
కింద ఫోర్‌మన్ గడియారం చూసుకుంటున్నాడు.
టార్చి తిరగలేదు.
కొస అందలేదని కంటికంటే ముందు చేతికి తెలిసింది.
అయినా పైన క్యాపు కొట్టేశాను,
చేపపొలుసుల్లా, వరసగా, ముద్దొచ్చేలా.
ఆ లైనులో పది అతుకులకు ఒకటే ఫోటోకి పోతుంది.
అది పోలేదు.

"నొప్పుందా?"
లేదని తల ఊపాను.
ఆమె అడిగిన నొప్పి లేదు.

రెండో గంటలో "దొరికింది" అంది తనలో తనే.
వెంట్రుక పట్టేంత సందు.
ఇంతసేపు వెతికితేగానీ కనపడనిదాన్ని
ఆ కుర్రాడు నలభై నిమిషాల్లో ఎలా చూస్తాడు,
వాడి కిందా ఎవరో గడియారం పట్టుకుని నిలబడి ఉంటే?
అలాగని వాణ్ణి వదిలెయ్యనూ లేను.
ఎనభై దినార్లు నావి.

మందు పెట్టి, పైపైన మూసి,
గురువారం మళ్లీ రమ్మంది.

బస్సులో పెదవి వేరెవరిదో అన్నట్టు వేలాడుతోంది.
కిటికీ అవతల రిఫైనరీ మంట
రోజూలాగే పక్కకు వాలి మండుతోంది.
ఆ మూడో వరసలో ఇప్పుడు ఆవిరి పోతూ ఉంటుంది.
క్లినిక్కు చీటీ తిరగేసి
లైను నంబరు రాశాను.
అతుకు నంబరు దగ్గర పెన్ను ఆగింది.

మరిచిపోయి కాదు.

మత్తు దిగుతోంది.
మంగాఫ్ మలుపులో బస్సు కుదుపుకి
నాలుక దానంతటదే
కుడివైపుకి పోయింది.