ఏడో నంబరు కోటు

గుడిపాల రోడ్డులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ.
చలిగది తలుపు మీద ఎర్ర అంకెలు:
మైనస్ పద్దెనిమిది.
బయట చిత్తూరు ఎండ,
తారు చెప్పులకు అంటుకుంటా ఉంటుంది.
ఈ రెంటికీ మధ్య ఒకే ఒక్క అడుగు.
రోజుకు అరవై సార్లు వేస్తా.

ఏడో నంబరు కోటు నా సొంతం కాదు.
పగలు నేను తొడుక్కుంటా,
రాత్రి షిఫ్టులో ఇంకెవరో.
మొగం ఎరగని ఆ మనిషి చెమట వాసన
నా కొంగు వాసనంత తెలుసు నాకు.
లోపలి జేబులో రూళ్ళ కాగితం ఒకటి,
నాలుగు మడతలు.
పైన పెద్దక్షరాల్లో మనాలి అని ఉంటుంది.

షంషాద్ చూపించింది ముందు, ఫోన్లో:
కాళ్ళకు పలకలు కట్టుకుని
తెల్లకొండ మీంచి జారిపోతా ఒక ఆడమనిషి,
వెనకాల పిండి చల్లినట్టు మంచు.
"చూడు మే, అంత చలిలో నవ్వుతా ఉంది!"
జారడం మాకు వింత కాలేదు.
దుడ్లిచ్చి చలిలోకి పోతారా ఎవరన్నా?
మాకైతే చలికే జీతం.

అయినా కాగితం తీశాం.

జనవరిలో మంచు నిండుగా ఉంటుందంట.
జనవరిలో మాకు పనుండదు,
పనుంటే కదా టికెట్టు.
మార్చి దాటితే కొండకింద బురదంట.
మే, జూన్‌లో ఆ ఊరు జనంతో కిటకిటంట,
ఇక్కడ మా గేటు ముందర
తోతాపురి లారీలు మూడు రోజులు వరసలో నిలబడి,
కాయలు లారీలోనే మాగి
ఈగలు సైతం తూలిపోతా ఉంటాయి.
అప్పుడు సెలవడిగితే చెంగల్రాయుడు
తలెత్తకుండా అంటాడు:
"పో, పోయి అక్కడే ఉండిపో."
జూలై వానలకు దారి కొండతో సహా జారిపోతుందంట.
"పలకలు కట్టుకోకుండానే," అంది షంషాద్.
సెప్టెంబరుకు మంచే ఉండదంట. కొట్టేయ్.
అట్ల పన్నెండు నెలలూ కొట్టేశాం.

ఆఖరి లారీ పోయినాక ఒకరోజు
అన్నాల వేళ, డ్రమ్ముల చాటున
షంషాద్ ధైర్యం చేసి ఆ ఊరి లాడ్జికి ఫోన్ కొట్టింది.
ఆమె ఇంటి ఉర్దూ, ఆయన కొండ హిందీ
ఢిల్లీ దగ్గర ఎక్కడో కలుసుకున్నాయి.
"ఇప్పుడొచ్చి ఏం చూస్తారు, మంచు లేదే?"
"మంచు లేనప్పుడు ఏముంటుంది?"
అతను రోంతసేపు మాట్లాడలేదు.
ఎవరూ అడగరనుకుంటా ఆ మాట.
"గడ్డి," అన్నాడు. "ఆపిల్ కోతలు.
తీగ మీద ఆగిపోయిన ఖాళీ కుర్చీలు,
వాటి కింద మేసే గొర్రెలు."
నడుమ నడుమ పక్కకు తిరిగి
ఎవరికో లెక్క చెప్తా ఉన్నాడు:
పదకొండు, పన్నెండు, ఆ చిట్లిన పెట్టె పక్కన పెట్టు.
నేనూ షంషాదూ ఒకర్నొకరం చూసుకున్నాం.
పండ్ల పెట్టెలు ఎత్తే మనిషి గొంతు
ఏ భాషలోనైనా తెలిసిపోతుంది.

నా వేళ్ళ కొసలకు
వేడి టీ గ్లాసు తెలియక ఏడేళ్ళు.
మంచు నాకెందుకు?
దాని కడుపులోనే కదా నా ఉద్యోగం.
కోటు విప్పేసిన కొండను చూడాల నేను,
ఆ గడ్డి మీద వట్టి కాళ్ళతో నిలబడి
పాదాలకైనా అడగాల,
ఇది వెచ్చనా, చల్లనా అని.

సెప్టెంబరు మీది గీత చెరగలేదు,
పక్కనే మళ్ళీ రాశా: వచ్చే సెప్టెంబరు.
తిరుపతిలో రైలు, ఢిల్లీలో బస్సు.
స్వెట్టర్లు: ఉన్నవి చాలు.
మనుషులు: ఇద్దరు.
గది: ఒకటి.

మర్నాడు పొద్దున కోటు తొడుక్కుంటే
జేబులో కాగితం ఐదు మడతలుగా ఉంది.
ఇద్దరు అన్నది కొట్టేసి
నీలం సిరాతో, వంకర చేతిరాతతో
ముగ్గురు.
పేరు లేదు.

కాలరు ముక్కు దగ్గర పెట్టుకుని
షంషాద్, నేను, మార్చి మార్చి వాసన చూశాం.
మొగమనిషో ఆడమనిషో తేలలేదు.

గది ఒకటా, రెండా,
ఆ ఒక్క లెక్కే మిగిలింది.