పోకే

సూర చేప దొరికిన దినం
మా ఆయన మాట్లాడడు.
కాశిమేడు నించి ఐసు పెట్టెలో వచ్చినదాన్ని
కన్ను చూసి, మొప్ప ఎత్తి చూసి,
వేలితో నొక్కి, పడిన గుంట తిరిగి లేస్తే
అప్పుడు నవ్వుతాడు.
కోసే సుల్తాన్‌బీకి తెలుసు:
తోలు తియ్యాల, ముల్లు తియ్యాల,
ముక్కలు మాత్రం కొట్టగూడదు.
ఆ పని ఆయనది.

గిరింపేటలో మా వంటింటి గట్టు మీద
పందొమ్మిదేండ్లు ఓడలో వంట చేసిన చెయ్యి
కత్తిని చన్నీళ్ళలో ముంచి ముంచి
పాచికలంత ముక్కలు కోస్తాది.
దానిమ్మ గింజ రంగు.
అడ్డంగా కోయడం, అదే దాని పేరంట
ఆ దీవుల్లో.

"పోకే" అన్నాడు మొదటిసారి,
నా పక్క తిరిగి, గిన్నె చూపించి.
నేను పెరటి తలుపు కాడ
ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోని ఉండా.
"నేను యాడికి పోతా?" అన్నా.
ఆయన పడీ పడీ నవ్వినాడు.
నాకు రాలా నవ్వు.

కలానీ అని ఓడలో ఒకడు నేర్పినాడంట.
వాళ్ళమ్మ సముద్రపు నాచు తరిగి వేసేదంట.
కట్టమంచి చెరువు నాచు వేస్తే
మనల్ని ఆస్పత్రిలో వేస్తారు.
అందుకని గోడ పక్కన మొలిచిన గంగపాయిలాకు గిల్లినాడు,
ఉప్పగా, పుల్లగా, రవ్వంత జిగురుగా.
"సముద్రం లేని ఊరికి ఇదే నాచు."
వాళ్ళ చెట్టు గింజ ఏదో కాల్చి దంచుతారంట,
మాకు చెనిక్కాయలకేం కరువు?
వేయించి, పొట్టు ఊది, కచ్చాపచ్చాగా నూరింది నేనే.
కల్లుప్పు. ఉల్లికాడలు. తుంచిన ఎండుమిరపకాయ.
నువ్వులనూనె మాత్రం సంతపేట గానుగదే కావాలంటాడు,
ముక్కకు మెరుపు వచ్చేంత, అంతే.

నేను మామిడికాయ తురమబోతే
చెయ్యి పట్టుకున్నాడు.
"పులుపు తగిలితే తెల్లబడతాది,
నిప్పు లేకుండానే ఉడుకుతాది.
పచ్చిదాన్ని పచ్చిగా ఉండనీ."
గిన్నె ఐసు మీద పెట్టి ఇరవై నిమిషాలన్నాడు.
ఆ ఇరవై నిమిషాల్లో వీధంతా తెలిసింది.
మిద్దె మీది హంసవేణి టీచరు తొంగి చూసి
"పచ్చి చేపా! పిల్లి కూడా ఒకసారి వాసన చూస్తాది" అనింది.
పిల్లి వచ్చింది. వాసన చూసింది.
దాని వంతు దానికి పెట్టినాము.

పందొమ్మిదేండ్లలో పదకొండు సార్లు
కాట్పాడి స్టేషన్లో రైలెక్కినాడు ఈ మనిషి.
పులిహోర పొట్లం అందించినా, నీళ్ళ సీసా అందించినా,
ఊరిబిండి డబ్బా మూత గట్టిగా ఉందా లేదా
రైలు కదిలేదాకా అదే అడిగినా.
ఆ ఒక్క మాట మాత్రం గొంతులోనే,
చేప ముల్లు మాదిరి,
మింగలేక, ఉమ్మలేక.
ఇప్పుడు అదే మాట
ఎవురో దీవి వాళ్ళ నోట్లో పుట్టి
ఏ రేవులో ఎక్కిందో, ఎక్కడెక్కడ తిరిగిందో,
మా ఇంటికి వచ్చి చేరింది.
అదీ తప్పు మనిషికి.
పోయేది నేను కాదు గదా!

మొదటి ముక్క నాలిక మీద పెట్టుకున్నా.
చల్లన.
అనుకున్న నీచు లేదు.
నూనె ముందొచ్చింది, వెనకే ఉప్పు,
చెనిక్కాయ పంటి కింద పలికింది,
అన్నీ తప్పుకున్నాక చేప.
పులుసు లేకుండా చేప ఇట్లుంటాదని
యాభై రెండేండ్లకు తెలిసొచ్చింది.
"ఎట్లుండాది?"
చెప్పలా.
పొద్దుటి సంగటి ముద్ద మిగిలుంటే
నడిమధ్య గుంట చేసి నాలుగు ముక్కలు పోసుకున్నా.
"సంగటిలోనా!" అని నెత్తి కొట్టుకున్నాడు.
కలానీ చూస్తే ఏమంటాడో,
చూడనీ.

గిన్నె అడుగున నూనె చార,
అంటుకున్న ఆకులు రెండు.
చెయ్యి కడుక్కోను ఆయన లేచినాడు.
"ఉండు" అన్నా.
"ఏమి?"
"ఏం లేదు. ఉండు.
ఇంకో ముక్క ఉండాది."